తోక ట్యూబు

లారీ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి కొంచెం కొంచెంగా తిప్పుతుంటే ఒకచోట సన్నగా బుడగలు లేచాయి. టియోపిరా ముసలాయన ఆ చోట బొటనవేలు పెట్టి, "దొరికావు," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, సంతోషమూ లేదు. పొద్దుటి నుంచి ఇది నాలుగోది.

ఆ దేశంలో జనవరి అంటే నడివేసవి. ఎండకు గరాజు రేకులు చిటపటమంటున్నాయి. శనివారం ఏట్లోకి వెళ్లాలి. కొత్త సంవత్సరం దాటాక వచ్చే మొదటి శనివారం ఆ కుటుంబమంతా ట్రక్కుల్లో పైన అడవిలోకి పోతుంది. అక్కడ ట్యూబుల మీద కూర్చుని ఏట్లోకి దిగి, నీళ్లు ఎటు తీసుకుపోతే అటు పోయి, రెండు గంటల తరవాత ఊరి వంతెన దగ్గర గట్టెక్కుతారు. ఆ ఒక్క రోజు కోసం పిల్లలు ఏడాదంతా కాచుకుంటారు. ఈ యేడు పిల్లలు ఎనిమిది మంది. పెద్దవాడికి పదకొండేళ్లు, అందరికన్నా చిన్నదానికి నాలుగు.

పెద్దవాళ్లు ముందూ పక్కలా ఉంటారు. అందరికన్నా వెనక, ఆఖరి ట్యూబులో, టియోపిరా ఉంటాడు. ఆ ట్యూబును తోక అంటారు. తోకలో కూర్చున్నవాడికి ఒకటే పని, ముందు పోతున్న పిల్లల తలలు లెక్కపెట్టడం. ప్రతి మలుపు దగ్గరా లెక్కపెట్టాలి. లెక్క సరిపోతే మెడలో ఈల తీసి ఒక్కసారి పొడుగ్గా ఊదాలి. సరిపోకపోతే మూడుసార్లు ఊదాలి. మూడు ఈలలు వినపడ్డాయంటే ఎక్కడివాళ్లు అక్కడే గట్టు పట్టుకోవాలి.

ఆ ఈల ఆయన మెడలో పడి ముప్పై ఒక్క ఏళ్లు. అంతకు ముందు తోకా లేదు, లెక్కా లేదు. ఒక యేడు అందరూ గట్టెక్కి, ఒళ్లు తుడుచుకుని, తిండి పళ్లేలు చేత పట్టుకున్నాక ఒక పళ్లెం మిగిలిపోయింది. ఆ పళ్లెం టియోపిరా కొడుకు తమహౌది. అప్పుడు వాడికి ఐదేళ్లు. వంతెన కింది నుంచి వాడు కొట్టుకుపోతుంటే ఒక్క కన్నూ చూడలేదు. మైలు దూరాన, నీళ్లలోకి వంగిన విల్లో చెట్టు కొమ్మను రెండు చేతులా పట్టుకుని దొరికాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. ఏడవను కూడా లేదు. ఆ సాయంత్రమే టియోపిరా ఈల కొన్నాడు.

ఇప్పుడాయనకు డెబ్బై మూడు. ఆయన అలిసిపోయాడు.

పోయినేడు మూడో మలుపు దగ్గర ఆయన ట్యూబు తిరగబడింది. చలి నీళ్లు నోట్లోకీ ముక్కులోకీ పోయాయి. కొమ్మ దొరికింది కాబట్టి సరిపోయింది. ట్యూబును మళ్లీ అందుకుని ఎక్కేసరికి పిల్లలు రెండు మలుపులు దాటిపోయారు. తోక వెనక ఎవరూ ఉండరు కదా, కాబట్టి ఎవరూ చూడలేదు. వంతెన దగ్గర ఎందుకు ఆలస్యమైందని అడిగితే, "ఈల్ చేప ఒకటి కనపడితే చూస్తూ ఉండిపోయా," అన్నాడు. భార్య హూహానా మాత్రం చినిగిన ఉన్ని చొక్కాను చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, కుట్టి పెట్టింది.

అట్లాంటప్పుడు నావల్ల కాదని ఒక్క మాట అంటే పోదా? పోదు. పెద్దవాడికి ఇచ్చిన చోటును పెద్దవాడు కాదనకూడదు. కాదంటే ఇచ్చినవాళ్ల మొహం మీద కొట్టినట్టు. పెద్దవాడి చేతిలోది చిన్నవాళ్లు తీసుకోకూడదు. తీసుకుంటే ఆయన పనైపోయిందని ఊరంతా చాటినట్టు. అందుకని ఏటేటా వాళ్లు ఇస్తూనే ఉన్నారు, ఆయన పుచ్చుకుంటూనే ఉన్నాడు.

"కోరో, ఎంతవరకూ వచ్చింది?"

కోడలు రీపెకా. తాతను అక్కడ కోరో అంటారు. పిల్లలు అంటుంటే విని విని ఇంట్లో పెద్దవాళ్లూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఆమె కివీ తోటలో కాయలు పలచన చేసే పని నుంచి ఇప్పుడే దిగింది. జుట్టు నిండా ఆకు నుసి. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. మూడు వారాలుగా ఆ కాగితం ఆమె చేతిలోనో, ఫ్రిజ్ తలుపు మీదో ఉంటోంది. ఎవరు ఏ ట్రక్కులో ఎక్కాలి, ఎవరి పక్కన ఎవరు, పొడి బట్టలు ఏ సంచిలో, అన్నీ అందులో ఉన్నాయి.

"బాగా లేదమ్మా," అన్నాడు టియోపిరా. "నాలుగు కారుతున్నాయి. పాత రబ్బరు. పంచరు వేసినా నిలుస్తాయన్న నమ్మకం లేదు. పిల్లలతో పని. ఈ యేడు వద్దనుకుంటే..."

"తమహౌ ఐదు తెస్తున్నాడు. వాళ్ల లారీల యార్డులో అడిగాడు. కొత్తవే."

"ఓహో." ఆయన ఉప్పుకాగితంతో రబ్బరు గీరడం మొదలుపెట్టాడు. "ఏరు పొంగి ఉందంటున్నారు."

"నిన్న పోయి చూసొచ్చా. గుర్తు రాయి నీళ్ల పైకి తేలి ఉంది. పోయినేటికన్నా తక్కువే."

"అడవి గేటు..."

"తాళం చెవి తెచ్చేశా. టీ డబ్బాలో పెట్టా."

"చిన్నదానికి సరిపోయే లైఫ్ జాకెట్టు మన దగ్గర లేదు కదా. నాలుగేళ్ల పిల్ల, జారిపోతుంది."

"పక్కింటావిడ ఇచ్చింది. వేసి, భుజాలు పట్టుకుని పైకెత్తి చూశా. జారలేదు." రీపెకా గరాజు గడపకు ఆనుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచి కాగితం చూసుకుంది. "ఇంకేమైనా ఉందా కోరో?"

ఆయనకు చెప్పాలనిపించింది. సొల్యూషన్ డబ్బా మూత తిప్పాడు. అది గట్టిగా పట్టుకుపోయి రాలేదు. ఆమె తీసుకుని, తిప్పి, తిరిగి ఇచ్చింది.

"ఏం లేదమ్మా."

"తోక మీరేగా?" ఆమె కాగితంలోకే చూస్తూ అడిగింది.

"నేనేగా," అన్నాడు.

ఆమె తలూపి లోపలికి పోయింది. ఆయన రబ్బరు మీద సొల్యూషన్ రాసి, ఆరేదాకా నోటితో ఊదుతూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం హూహానా వంటింట్లో పిండి పిసుకుతోంది, నూనెలో వేయించే రొట్టెల కోసం. బల్ల పక్కన తిండి పెట్టే ఐసు పెట్టె కడిగి ఆరబెట్టి ఉంది. మనవరాలు పిపి వచ్చి దాని మీద కూర్చోబోయింది. పిపి తమహౌ, రీపెకాల రెండో పిల్ల. ఆరేళ్లది.

"లే! అది తిండి పెట్టేదే, నీ ముడ్డి పెట్టేది కాదు!"

"మూత మూసే ఉందిగా నానమ్మా."

"మూసినా తెరిచినా తిండిపెట్టె తిండిపెట్టే. నీ పిర్రల వాసన వేసే రొట్టె మీ కోరో తింటాడా? అడుగు."

"ఆకలైతే తింటాలే," అన్నాడు టియోపిరా. పిపి కిలకిలా నవ్వి బయటికి పరిగెత్తింది.

పిల్ల పోయాక హూహానా గొంతు తగ్గించింది. "చెప్పావా?"

"గేటు తాళం గురించి చెప్పా."

"గేటు తాళం!" ఆమె పిండి ముద్దను బల్ల మీద ధడాలున వేసింది. "ముసలోడా, గాలి పోయింది ట్యూబుకి కాదు, నీకు. ఆ సంగతి చెప్పమంటే తాళాల గురించీ రాళ్ల గురించీ చెప్పొచ్చావా."

"నువ్వు చెప్పరాదా?"

"నాది కాని బరువు నేనెట్లా దించుతాను? మోసేది నువ్వు. నువ్వే దించాలి. దించాక మళ్లీ నీ నెత్తికెత్తకుండా చూడమంటే చూస్తా."

"శుక్రవారం అందరూ కూర్చుంటారుగా. అప్పుడు చెప్తాలే."

"చెప్తావు! మేనల్లుడి పెళ్లిలో చెప్పినట్టు ముప్పావుగంట చెప్తావు. కూర చల్లారిపోతుంటే నేను లేచి పాట ఎత్తుకుంటే గానీ నువ్వు కూర్చోలేదు."

వాళ్లలో ఆ పద్ధతి ఉంది. ఎవరు మాట్లాడినా లేచి నిలబడి మాట్లాడాలి. మాట అయ్యాక వాళ్ల తరఫున పాట. పాట ఎత్తుకునేది ఆడవాళ్లు. మాట అవసరానికి మించి సాగుతోందనుకుంటే మధ్యలోనైనా ఎత్తుకుంటారు. పాట మొదలైందంటే ఎంతటి మొనగాడైనా నోరు మూసుకోవాల్సిందే.

గురువారం సాయంత్రం పిల్లలందరినీ ఊరి వెనక మడుగుకు తీసుకుపోయారు. నీళ్లు మోకాలి లోతే. ఎవరి ట్యూబు ఎవరికి సరిపోతుందో, ఎవరి జాకెట్టు ఎవరి గొంతు దాకా లేస్తుందో చూసుకోవడానికి. ట్యూబుకు గాలి కొట్టే పుల్ల వీపుకు గీరుకోకుండా టియోపిరా ప్రతి దానికీ గుడ్డ చుట్టి పెట్టాడు. ఆయన మేనకోడళ్లిద్దరూ దూరపు ఊళ్ల నుంచి పిల్లలతో దిగారు. ఆ కేకలకు నీళ్ల మీది బాతులన్నీ లేచిపోయాయి.

"కోరో, ఓసారి లెక్క పెట్టి చూడండి. పిల్లలకు ఈల గుర్తుండాలి," అంది రీపెకా.

ఆయన గట్టు మీద నిలబడ్డాడు. పొద్దు వాలుగా నీళ్ల మీద పడి తళతళలాడుతోంది. కుడి కంట్లో రెండేళ్లుగా ఉన్న పొర ఆ వెలుగుకు తెల్లగా విచ్చుకుంది. కళ్లు చికిలించి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, ట్యూబు చాటున ఒకటి...

తొమ్మిది.

మళ్లీ పెట్టాడు. తొమ్మిదే.

ఈల పెదాల మధ్య పెట్టుకుని ఊదకుండా అలాగే ఉండిపోయాడు. ఒకసారి ఊదాలా, మూడుసార్లా? తక్కువైతే మూడు. ఎక్కువైతే ఎన్ని ఊదాలో తేల్చుకునే అవసరం ముప్పై ఒక్క ఏళ్లలో ఎప్పుడూ పడలేదు.

పిపి నీళ్లు కారుతూ ఆయన కాళ్ల దగ్గరికి వచ్చింది. "కోరో, నన్ను రెండుసార్లు లెక్కపెట్టావు. నేను అటు నుంచి ఇటు వచ్చా. నీ వేలు నా వెంటే వచ్చింది."

"నువ్వు ఇద్దరి పెట్టు అల్లరి చేస్తావు కదా. అందుకే ఇద్దరివి."

పిల్ల నవ్వింది. ఆయన నవ్వలేదు. ఎనిమిది మంది తొమ్మిదిగా కనపడటం తమాషాగానే ఉంటుంది. కానీ శనివారం మూడో మలుపు దగ్గర ఒకరు కొమ్మల్లో చిక్కుకుని, ఈ పిల్ల అటు నుంచి ఇటు వస్తే? ఏడుగురు ఎనిమిది అవుతారు. లెక్క సరిపోతుంది. ఒక్కసారి పొడుగ్గా ఈల ఊది, హాయిగా వంతెన దగ్గర గట్టెక్కి, పళ్లెం చేత పట్టుకుంటాడు.

ఈల ఒకసారి ఊదాడు. పైన నిలబడ్డ రీపెకా ఆయన వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుని, ఒక పిల్లవాడి జాకెట్టు బకిల్ బిగించడంలో పడింది. అది అప్పటికే బిగించి ఉంది.

శుక్రవారం పొద్దు ఉండగానే పెద్దగదిలో పరుపులన్నీ గోడలకు చేర్చి అందరూ కూర్చున్నారు. పంది ఎముకలూ ఆకుకూరా వేసిన పులుసు పొయ్యి మీద ఉడుకుతోంది. ముందుగా ఏటిని తలుచుకుని ప్రార్థన చేశారు. తరవాత రీపెకా కాగితం చదివింది. ఎవరికీ వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఆమె దాన్ని మళ్లీ ఫ్రిజ్‌కు తగిలించి, పులుసు చూడటానికి వంటింట్లోకి పోయింది. అప్పుడు తమహౌ లేచాడు. మంచి బలిష్ఠమైన మనిషి, దుంగల లారీ నడుపుతాడు.

"ఎప్పట్లాగే తోక నాన్నే. నాన్న వెనకుంటే మనకు భయం లేదు," అని కూర్చున్నాడు. అందరూ అవునవునన్నారు.

టియోపిరా లేచాడు. అందరూ ఏటి గురించి ఆయన ఏటా చెప్పే జాగ్రత్తల కోసం చూస్తున్నారు. బయట పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు.

"నేను అలిసిపోయాను," అన్నాడు.

ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

"పోయినేడు మూడో మలుపులో పడ్డాను. ఈల్ చేప లేదు, పాడూ లేదు. నిన్న మడుగులో ఎనిమిది మందిని తొమ్మిది లెక్కపెట్టాను. రేపు ఏడుగురిని ఎనిమిది లెక్కపెడతానేమోనని భయంగా ఉంది. అంతే."

కూర్చున్నాడు. ఇంత పొట్టి మాట ఆయన నోట ఎవరూ విని ఉండలేదు. హూహానా కూడా పాటకు వెంటనే లేవలేకపోయింది. ఆ సందులో తమహౌ దిగ్గున లేచాడు.

"నాన్నా, అట్లా అనకు! నువ్వు లేకపోతే తోక ఎక్కడిది? పడితే పడ్డావు, ఏరన్నాక పడమా? ఈసారి నీ వెనక నేను కూర్చుంటా. తోకకు తోక! నువ్వు లెక్కపెట్టు, నేను నిన్ను లెక్కపెడతా."

గదంతా ఒక్కసారిగా నవ్వింది. ఊపిరి పీల్చుకున్న నవ్వు. "అదీ మాట," అంది ఒక మేనకోడలు. తమహౌ ఊపందుకున్నాడు. "మా నాన్నకేం, ఇంకా పదేళ్లు..."

టియోపిరా భుజాలు వంగిపోయాయి. అది ప్రేమేనని ఆయనకు తెలుసు. అందుకే అది మరీ బరువుగా ఉంది. ఇంకో రెండు మాటలు వింటే సరేననేస్తాడు. నోరు సగం తెరిచాడు కూడా.

అప్పుడు హూహానా మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచింది. కొడుకు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె వాడి వంక చూడకుండా, గొంతు సవరించుకోకుండా, పాట ఎత్తుకుంది.

పాత పాట. పడవను ఒడ్డుకు లాగి, తెడ్డు దించేటప్పుడు పాడేది. రెండో చరణానికి రీపెకా తడి గుడ్డ చేత్తోనే వంటింటి గుమ్మంలోంచి అందుకుంది. మేనకోడళ్లు లేచారు. తమహౌ నోరు తెరుచుకునే నిలబడ్డాడు. కాసేపటికి వాడి నోరూ పాటలోకే పోయింది, వేరే దారి లేదు. పాట అయ్యాక ఆగిన మాట మళ్లీ మొదలుపెట్టడమన్నది ఉండదు.

టియోపిరా మెడలోంచి ఈల తీశాడు. తాడు చెవికి తట్టుకుంటే విడిపించుకున్నాడు.

"ఆగండి కోరో," అంటూ రీపెకా పోయి ఫ్రిజ్ మీంచి కాగితం తెచ్చి ఆయన ముందు పరిచింది. తోక అన్న చోట ఆయన పేరు సిరాతో ఉంది. దాని కింద పెన్సిలుతో రాసి చెరిపి, మళ్లీ రాసి మళ్లీ చెరిపిన మరక. ఆ మరకలో ఆమె పేరు ఇంకా కనపడుతూనే ఉంది.

"మూడు వారాల నుంచి రాస్తున్నా, చెరుపుతున్నా. కాగితం చిరిగిపోయేట్టుంది."

"అడగొచ్చుగదమ్మా."

"మీరు చెప్పొచ్చుగా."

"ఇద్దరికిద్దరూ సరిపోయారు," అంది హూహానా. "పులుసు మాడుతోంది, ఎవరైనా చూడండి."

ఆయన ఈల ఇవ్వబోయి ఆగాడు. దగ్గరగా చూస్తే కోడలి కళ్ల కింద నల్లగా ఉంది. "నువ్వూ అలిసిపోయే ఉన్నావు."

"అలిసిపోయా కోరో. కానీ నాకు తొమ్మిది కనపడరు."

ఇచ్చాడు.

తమహౌ లేచి బయటికి పోయాడు. ట్రక్కు దగ్గర, కట్టిన ట్యూబులనే మళ్లీ విప్పి కట్టుకుంటూ ఉండిపోయాడు. టియోపిరా పోయి తాడు రెండో కొస పట్టుకున్నాడు.

"నేను తప్పిపోయినందుకే కదా నువ్వు ఇన్నేళ్లూ తడిశావు," అన్నాడు కొడుకు, ముడి వంక చూస్తూ. "ఆ ఈల వేరేవాళ్ల మెడలో చూడాలంటే ఏదోలా ఉంది."

"వేరేవాళ్లు కాదురా, నీ పెళ్లాం. నేను ఇంక ఆరతాను. గట్టిగా లాగు."

శనివారం టియోపిరా వంతెన కింద మడతకుర్చీలో కూర్చున్నాడు. రాళ్ల పొయ్యి మీద కుండ, పక్కన ఐసు పెట్టె, తువ్వాళ్ల కుప్ప. హూహానా రొట్టెలు గుడ్డలో చుడుతోంది. ఒంటి మీద పొడి చొక్కా. అదే ఆయనకు వింతగా ఉంది. గట్టు మీద కూర్చుంటే ఏరు ఇంత సద్దు చేస్తుందని ఆయనకు ఎప్పుడూ తెలియలేదు.

విశ్రాంతిగా ఉంటుందనుకున్నాడు. లేదు. మొదటి గంట ప్రతి మలుపూ మనసులో తిరిగాడు. ఇప్పుడు రెండో మలుపు. ఇప్పుడు మూడోది. కాళ్లు వాటంతట అవే బిగుసుకున్నాయి.

"కూర్చునే ఈత కొడుతున్నావేం," అంది హూహానా.

చివరికి ఆ పై మలుపులో మొదటి నల్ల ట్యూబు కనపడింది. తరవాత గుంపుగా మిగతావి, అరుపులు, ఎర్ర జాకెట్లు. ఆయన చేయి లేచింది, వేలు చాచాడు. ఒకటి, రెండు, మూడు. వెలుగు నీళ్ల మీద విరిగి మూడు కాస్తా ఐదైంది. మళ్లీ మొదలుపెట్టాడు. ఏడు. మళ్లీ. ఏడే. నిలబడ్డాడు.

అప్పుడు మలుపు చాటు నుంచి ఈల మోగింది. ఒక్కసారి, పొడుగ్గా.

ఆయన నిలబడే విన్నాడు, రెండోది వస్తుందేమోనని. రాలేదు. కాసేపటికి తోక ట్యూబు కనపడింది. రీపెకా, ఆమె ట్యూబుకు తాడుతో కట్టిన ఇంకో ట్యూబులో నాలుగేళ్ల పిల్ల. పిల్ల నిద్రపోతోంది.

తమహౌ నడుము లోతు నీళ్లలో నిలబడి ఒక్కొక్కరినీ గట్టుకు లాగాడు. పిపి పళ్లు టకటకలాడిస్తూ వచ్చి తువ్వాలు చుట్టుకుంది. రీపెకా అందరికన్నా చివర ఎక్కింది. చలికి పెదాలు తెల్లబడ్డాయి. వచ్చి ఆయన కుర్చీ పక్కన గడ్డి మీద కూలబడింది.

"ఎంతమంది?" అడిగాడు టియోపిరా.

"ఎనిమిది."

"మళ్లీ పెట్టావా?"

"పెట్టా కోరో."

"ఇంకోసారి పెట్టమ్మా."

ఆమె వాదించలేదు. పొయ్యి చుట్టూ మూగిన పిల్లల వైపు తిరిగి, ఆయనకు వినపడేట్టు పైకే లెక్కపెట్టింది. ఒకటి. రెండు. రొట్టె కోసం కొట్టుకుంటున్నవాళ్లు మూడు, నాలుగు. పిపి ఐదు...

ఆరు అంటూ ఇటు చూసింది. ముసలాయన తల ఒక పక్కకు వాలిపోయి ఉంది, నోరు కొంచెం తెరుచుకుని, సన్నగా గురక పెడుతూ. హూహానా ఆయన పళ్లెం మీద ఇంకో పళ్లెం బోర్లించి పక్కన పెట్టింది. రీపెకా గొంతు తగ్గించి, మిగిలిన ఇద్దరినీ లెక్కపెట్టింది.